ప్లేటు చివర ఆగిన రొద

తాత రేడియోగ్రామ్‌కి, అదే రేడియో, గ్రామఫోను ఒకే పెట్టెలో ఉన్నదానికి, ప్లగ్గు పెట్టిన మొదటి అర నిమిషం ఏ చప్పుడూ లేదు. డయలు వెనక బల్బు వెలిగింది, స్టేషన్ సరిగా దొరికిందో లేదో చూపించే మ్యాజిక్ ఐ మెల్లగా ఆకుపచ్చబడింది. లోపలి గాజు గొట్టాలు, వాల్వులంటారు, వేడెక్కుతున్నాయి కదా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అప్పుడు మొదలైంది. ముందు సన్నగా, తరవాత బల్ల మీది గ్లాసు కదిలేంతగా ఒకటే గుయ్యిమని రొద. వంటింట్లోంచి అమ్మ కేకేసింది, "ఏట్రా అది, తేనెపట్టు కదిపీసినావేటి?" అని.

వెంటనే ప్లగ్గు పీకేశాను. ఆ పని మాత్రం సరిగ్గానే చేశాను. అంతకు ముందు చేసింది తప్పు. ఏళ్ల తరబడి మూలనున్న వాల్వు సెట్టుకు ఒక్కసారిగా 230 వోల్టులూ ఇవ్వకూడదని నాకప్పటికి తెలియదు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, మహేంద్రతనయ దాటితే ఉండే పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలింది. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు ఇదే. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, బజార్లో రెండూ. అమ్మ నాన్నగారు, అంటే మా తాత, ఈ రేడియోగ్రామ్‌ని బరంపురంలో కొన్నది 1966లో అని ఇంట్లో చెప్పుకునే లెక్క. పెద్ద రైలు మీద నౌపడ దాకా వచ్చి, అక్కడ దింపించి, మళ్లీ చిన్న రైలెక్కించి ఊరు చేర్చారట. ఆ చిన్న రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా పడింది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది, 2004లో ఆగిపోయి పెద్ద గేజి అయింది. రెండున్నర అడుగుల పట్టాల మీద ఊగుతూ వచ్చే ఆ డబ్బాలో గోనెపట్టాలు చుట్టిన టేకు పెట్టెను తాత ఒడిలో పెట్టుకున్నంత పని చేశాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పొద్దున ముందు కటకం పెట్టి ఒడియా వార్తలు వినేవాడు తాత, తరవాత ముల్లు జరిపి విశాఖపట్నం పెట్టేవాడు. విశాఖ కేంద్రం 1963లో మొదలైంది కాబట్టి మా రేడియో వచ్చేసరికి దాని గొంతు ఇంకా కొత్త. రాత్రిళ్లు రేడియో సిలోన్. ఆదివారం మాత్రం మూత ఎత్తి ప్లేటు. నాటకం పద్యాల ప్లేట్లు, 78 స్పీడువి, లక్కతో చేసినవి, ఒక్కోటి పింగాణీ కంచమంత బరువు. అమ్మకి ఇప్పుడు 74. కిందటి సంక్రాంతికి అడిగింది, "ఒక్కపాలి ఆ ప్లేటు ఇనాలని ఉంది రా" అని. నేను రేడియోగ్రామ్ ముట్టుకోవడానికి కారణం అంతే.

నేను చదివింది కామర్స్, చేసేది బియ్యం మిల్లు లెక్కలు. ఫ్యూజు వెయ్యడం, ఫ్యాన్ కండెన్సర్ మార్చడం తప్ప కరెంటు పని తెలియదు. ఊళ్లో టీవీ బాగుచేసే ఇద్దరిని అడిగితే వాల్వు పేరు వినగానే చేతులెత్తేశారు. చివరికి మిల్లు యజమాని ద్వారా బరంపురంలో ఒక పాత రేడియో మేస్త్రి గారి నంబరు దొరికింది. ఎనభై దాటాయి. పంచాయతీ రేడియోల కాలం నుంచీ చేసిన మనిషి. కళ్లు సరిగా కనిపించక పని మానేశారు కానీ ఫోనులో చెబుతానన్నారు. రొద ఎలా ఉందో ఫోను దగ్గర పెట్టి వినిపించబోతే వద్దన్నారు. "ఫోనులో అది ఇనపడదు బాబూ. అంత లోతు శబ్దం ఆ సన్న స్పీకరు పలకదు. నేను అడిగినదానికి నువ్వు సెప్పు."

ఆయన మొదట అడిగింది ఇది. వాల్యూమ్ పూర్తిగా సున్నా చేస్తే రొద ఉందా, పోయిందా?

ఈ ఒక్క ప్రశ్నకి ఎంత విలువుందో నాకు నెలరోజుల తరవాత గానీ అర్థం కాలేదు. వాల్యూమ్ కంట్రోల్ సెట్టుకి నడుమ ఉన్న తలుపు లాంటిది. తలుపు మూసినా రొద అంతే ఉంటే దొంగ తలుపు ఇవతల ఉన్నాడు, అంటే కరెంటు సప్లైలోనో చివరి వాల్వులోనో. మూస్తే పోయి, తెరిస్తే పెరుగుతుంటే అవతల ఉన్నాడు, అంటే ప్లేటు మీది ముల్లుని పట్టుకునే పికప్పు దగ్గరో దాని వైర్లోనో. ఒక్క గుబ్బ తిప్పితే సగం సెట్టు అనుమానంలోంచి బయటికి పోతుంది.

రెండో ప్రశ్న, రొద లోతెంత? ఇంటికొచ్చే మెయిన్స్ కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే కరెంటుని ఒకే దిక్కుకి, అంటే డీసీగా, మార్చే వాల్వు రెక్టిఫైయర్ ఊపులోని రెండు సగాలనూ వాడుకుంటే సప్లైలోంచి వచ్చే రొద సెకనుకి 100. వైర్లలోకి గాల్లోంచి దూరే రొద 50. "ఈధి సివర ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడి ఇను. అది గుయ్యిమనేది వంద. అలాగుంటే సప్లై. దానికన్నా లోతుగా, బొంగురుగా ఉంటే యాభై." నిజంగానే వెళ్లి నిలబడ్డాను, రాత్రి పదింటికి, వీధి సద్దుమణిగాక. ఇనుప రేకులు అయస్కాంతమై సాగి కుంచించుకోవడం ఒక్కో ఊపుకి రెండుసార్లు జరుగుతుంది, అందుకే ట్రాన్స్‌ఫార్మర్ పలికేది 50 కాదు, 100. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు. ఆ రాత్రి మొదటిసారి చెవిపెట్టి విన్నాను. ఇంటికొచ్చి సెట్టు పెట్టాను. అదే శ్రుతి. వాల్యూమ్ సున్నాలో కూడా తగ్గలేదు.

అయితే ఈసారి నేరుగా ప్లగ్గు పెట్టలేదు. మేస్త్రి గారు సిరీస్ బోర్డు చేయించారు. చెక్క మీద ఒక హోల్డరు, ఒక సాకెట్టు, కరెంటు ముందు 100 వాట్ల తంతి బల్బు గుండా వెళ్లి తరవాత సెట్టుకి చేరేలా. ఇప్పుడు తంతి బల్బులు దొరకడమే కష్టం. మా దేవుడి గదిలో పాతది ఒకటి ఉంటే తీశాను. సెట్టులో షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, సెట్టు మిగులుతుంది. బాగుంటే ఒక్క క్షణం మెరిసి ఎర్రగా మసకబారుతుంది. మాది మసకబారింది గానీ ఉండాల్సినంత కాదు. ఆ తేడాని నేను పట్టించుకోలేదు. దాని సంగతి తరవాత వస్తుంది.

వెనక అట్ట విప్పి చాసిస్, అంటే వాల్వులన్నీ బిగించిన ఇనుప పళ్లెం, బయటికి తీసేసరికి ఒక పూట పట్టింది. లోపల బొద్దింకల గూళ్లు, ఎలుక కొరికిన గుడ్డ, వాల్వుల మీద వేలు మందం దుమ్ము. తడి తగలకుండా పెయింటు బ్రష్షుతో తుడిచాను. వాల్వుల మీది అక్షరాలు చేత్తో తుడిస్తే చెరిగిపోతాయని ముందే హెచ్చరించారు. ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80, పైన ఈఎం80 మ్యాజిక్ ఐ. ఈ పేర్లు నాకు మొదట తాళం కోడ్‌లా కనిపించాయి. మేస్త్రి గారు విడమరిచారు. మొదటి 'ఈ' అంటే ఫిలమెంటు 6.3 వోల్టులది. 'జెడ్' అంటే రెండు సగాల రెక్టిఫైయర్, 'ఎల్' అంటే స్పీకరుని తోసే పెంటోడ్, 'సీ' ట్రయోడ్, 'ఎం' కంటికి కనిపించే సూచిక. 8తో మొదలయ్యే ఈ రెండంకెల సంఖ్యలు తొమ్మిది కాళ్ల వాల్వువి. ఆ తరవాత ప్రతి గాజు గొట్టం ముందూ అది చేసే పని రాసిపెట్టినట్టే అనిపించింది.

ఇక్కడ జాగ్రత్త గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఈ సెట్టుకి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది లేని రకాలు, ఏసీ డీసీ సెట్లంటారు, వాటిలో చాసిస్సే మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. వాటిని కొత్తవాళ్లు ముట్టుకోకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా లోపల 250 వోల్టుల పైన డీసీ నడుస్తుంది, ప్లగ్గు పీకిన తరవాత కూడా కండెన్సర్లో నిలిచి ఉంటుంది. ప్రతిసారీ 4.7 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరుకి రెండు పొడుగు వైర్లు కట్టి, కండెన్సరు రెండు కొనల మీద పది సెకన్లు ఆనించి, మీటరు పెట్టి సున్నా చూసిన తరవాతే వేలు పెట్టాను. సెట్టు నడుస్తుండగా కొలవాల్సి వస్తే ఎడమ చెయ్యి జేబులో, కింద చెక్క పీట, కాళ్లకి రబ్బరు చెప్పులు. అమ్మని గదిలోకి రానివ్వలేదు.

సప్లై విప్పగానే కథ తెలిసింది. అరచెయ్యంత అల్యూమినియం డబ్బా, 50, 50 మైక్రోఫారడ్‌ల జంట ఫిల్టర్ కండెన్సర్, 350 వోల్టులది. డీసీలోని ఎగుడుదిగుళ్లని చదును చేసేది ఇదే. దాని అడుగున రబ్బరు బిరడా ఉబ్బి, పక్క నుంచి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. చాసిస్ కింద, దాని మొదటి భాగానికి అడ్డంగా, ఎవరో 100 మైక్రోఫారడ్‌ల కొత్త కండెన్సర్ ఒకటి వేలాడదీశారు. ఎప్పుడో ఒక కొట్లో ఇచ్చి బాగుచేయించామని, కొన్నాళ్లు పలికి మళ్లీ ఆగిందని అమ్మ అన్నది గుర్తొచ్చింది. ఆ కొత్తదాని ఒక కాలు దగ్గర టంకం బూడిదరంగులో, చుట్టూ ఉంగరంలాగ పగిలి ఉంది. వేలితో కదిపితే కదిలింది.

మేస్త్రి గారికి చెబితే ఆయనకి కోపమొచ్చింది. మొదటిసారి గొంతు పెంచారు. ఈజెడ్80 తరవాత మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్‌లు దాటకూడదు. అది ఆ వాల్వు తయారుచేసినవాళ్లే పెట్టిన హద్దు. కండెన్సర్ ఎంత పెద్దదైతే ప్రతి ఊపులోనూ అంత పెద్ద గుక్క ఒక్కసారిగా లాగుతుంది. ఆ కరెంటు గాజులోని క్యాథోడ్, అంటే ఎలక్ట్రాన్లు వెదజల్లే వేడి గొట్టం, మీది పూత మీద పడుతుంది, పూత రాలిపోతుంది, లోపల మెరుపు కొడుతుంది. రొద పోతే చాలనుకుని పాతదాని మీద కొత్తది వేసెయ్యడం, అది కూడా రెట్టింపు సైజుది, నా వరకు దొంగపని. పాతది తీసెయ్యాలి. కారుతున్న కండెన్సర్ పక్కన మంచిది పెట్టినా అది కారుతూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది.

పాత డబ్బాని విడదీసి మీటరుతో కొలిస్తే ఒక భాగం 6 మైక్రోఫారడ్‌లు, రెండోది 11. ఆ అంకెలు చూశాక రొద ఎందుకంత లావుగా ఉందో లెక్క కట్టాను. లెక్కలు నా పనే కదా. సెట్టు తాగే కరెంటు సుమారు 70 మిల్లీ ఆంపియర్లనుకుంటే, దాన్ని 100తోనూ, మొదటి కండెన్సర్ విలువతోనూ భాగిస్తే డీసీ మీద మిగిలే ఎగుడుదిగుడు వస్తుంది. 50 మైక్రోఫారడ్‌లకి 14 వోల్టులు. 6కి వంద దాటిపోతుంది. 250 వోల్టుల మీద వంద వోల్టుల ఊగు అంటే అది సప్లై కాదు, ఇంకో పాటే.

47 మైక్రోఫారడ్‌ల, 450 వోల్టుల కండెన్సర్లు రెండు విశాఖ నుంచి తెప్పించాను. పాత డబ్బాని అలాగే పైన ఉంచి, దాని కాళ్లకున్న వైర్లన్నీ తప్పించి, కొత్తవి కింద ట్యాగ్ స్ట్రిప్పు మీద బిగించాను. పైనుంచి చూసినవాళ్లకి తాతనాటి సెట్టులాగే ఉండాలి. సిరీస్ బోర్డు మీద పెట్టాను. రొద నాలుగింట మూడొంతులు పోయింది. అర్ధరాత్రి ఒంటిగంటకి అమ్మని లేపాలనిపించింది, లేపలేదు.

పొద్దున్న మేస్త్రి గారికి ఫోను చేసి గెలిచినట్టే చెప్పాను. "ఎంతసేపు నడిపినావు?" అన్నారు. పది నిమిషాలు. "అరగంట నడుపు. అరగంట తరవాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యేసి సూడు. ముందు ప్లగ్గు పీకి."

అరగంటకి మిగిలిన పావు వంతు రొద మళ్లీ పెరిగింది. స్పీకరు పక్కన ఉండే ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. మైనం కాలిన వాసన వచ్చింది. ఈఎల్84 మూడో కాలు దగ్గర, అంటే క్యాథోడ్ దగ్గర, 12 వోల్టులున్నాయి. అక్కడున్న రెసిస్టరు 150 ఓములు. 12ని 150తో భాగిస్తే 80 మిల్లీ ఆంపియర్లు. ఆ వాల్వు హాయిగా మోయగలిగేది 50 చుట్టూ. ఈజెడ్80 మొత్తం ఇవ్వగలిగేదే 90. అంటే మిగతా వాల్వుల వాటాతో కలిపితే ఆ చిన్న గాజు గొట్టం తన శక్తికి మించి మోస్తోంది. నేను పట్టించుకోని సిరీస్ బల్బు కాంతి చెప్పింది ఇదే.

కారణం, దానికి ముందున్న వాల్వు నుంచి పాటను మోసుకొచ్చే కప్లింగ్ కండెన్సర్. 0.01 మైక్రోఫారడ్, కాగితం చుట్టి మైనంలో ముంచిన రకం. దాని పని పాటను పోనిచ్చి, డీసీని ఆపడం. అరవై ఏళ్ల తేమకి కాగితం డీసీని ఆపలేకపోతోంది. ఈఎల్84 రెండో కాలు గ్రిడ్డు, అంటే వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలి. అది సున్నా దగ్గర ఉండాలి. అక్కడ కొన్ని వోల్టులు కనిపించాయి. వాల్వు తప్పేమో అని కూడా చూడాలి కదా. ప్లగ్గు పీకి, డిశ్చార్జి చేసి, కండెన్సర్ ఒక కాలు విడదీసి మళ్లీ నడిపితే గ్రిడ్డు సున్నాకి దిగింది. వాల్వు మంచిదే. 630 వోల్టుల పాలిస్టర్ కండెన్సర్ వేశాను. చేతి గోరంత వస్తువు, పది రూపాయలు కూడా కాదు. క్యాథోడ్ 7.5 వోల్టులకి దిగింది, అంటే సరిగ్గా 50 మిల్లీ ఆంపియర్లు. సప్లై 235 నుంచి 262కి ఎక్కింది. గంట నడిపినా ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగానే ఉంది.

ఈ కండెన్సర్‌నే నేను అన్నిటికన్నా ముందు మార్చాల్సింది. ఫిల్టరు పోతే రొద వస్తుంది, అంతే. ఇది పోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అలాంటిది ఇప్పుడు దొరకడం కష్టం. పాత వాల్వు సెట్టు చేతికి దొరికినవాళ్లు ఎవరైనా సరే, కరెంటు ఇవ్వకముందే ఈ ఒక్కటీ మార్చండి. ఇది బతిమాలి చెబుతున్నాను.

రేడియో నిశ్శబ్దమైంది. వాల్యూమ్ సున్నాలో గుడ్డకి చెవి ఆనిస్తే తప్ప ఏమీ లేదు. స్టేషన్ మీద ఒక సన్నని గరగర ఉండేది, అది ముందుగదిలోని ఎల్ఈడీ బల్బుది. బల్బు ఆర్పితే పోయింది. రాత్రి ముల్లు తిప్పుతుంటే ఒడియా గొంతు, దాని వెనకే తెలుగు గొంతు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. "ప్లేటో?" అంది.

గ్రామ్ వైపు గుబ్బ తిప్పగానే రొద. ఈసారిది వేరు. లోతుగా, బొంగురుగా, వాల్యూమ్ పెంచితే పెరిగేది. యాభై. తలుపుకి అవతలి దొంగ.

ఇక్కడ నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఎర్త్ లేకపోవడమే కారణమనుకున్నాను. మా పాత ఇంట్లో అన్నీ రెండు కాళ్ల ప్లగ్గులే. టెస్టర్ చాసిస్‌కి ఆనిస్తే మసగ్గా వెలుగుతోంది కూడా. మెయిన్స్ నుంచి చాసిస్‌కి ఒక కాగితం కండెన్సర్ ఉంది, దానిలోంచి కారుతోంది. దాన్ని తీసి వై2 రకం కండెన్సర్ పెట్టాను. అది పోయినా షాకు కొట్టకుండా తెగిపోయే రకం. పెరట్లో బావి పక్కన గొయ్యి తవ్వించి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలు పోసి నీళ్లు పట్టి, అక్కడి నుంచి ఎర్త్ వైరు గది దాకా లాగించాను. మూడు కాళ్ల ప్లగ్గు పెట్టాను. టెస్టర్ వెలగడం మానేసింది. అది చేయాల్సిన పనే, దానికి విచారం లేదు. రొద మాత్రం పిసరంత తగ్గింది.

తరవాత ప్లేటు తిప్పే మోటారు బిగించిన లోహపు పలక నుంచి చాసిస్‌కి ఇంకో లావు వైరు వేశాను. రొద పెరిగింది. మేస్త్రి గారు అప్పుడు చెప్పారు. పికప్పు వైరు మీద రక్షణగా అల్లిన రాగి జడ, షీల్డంటారు, అప్పటికే పలకకి తగిలి ఉంటే, రెండో వైరు వేసేసరికి నేలకి రెండు దారులు ఏర్పడి ఒక చుట్టు తయారవుతుంది. మోటారు, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ విడిచే అయస్కాంతం ఆ చుట్టులో కరెంటు పుట్టిస్తుంది. షీల్డు ఒక్క చోటే నేలకి కలవాలి, అది కూడా వాల్యూమ్ కంట్రోల్ దగ్గర. పలకకి వేరే వైరు, అది షీల్డుకి తగలకూడదు. అలాగే మార్చాను. మునుపటి స్థితికి వచ్చింది, అంతకన్నా తగ్గలేదు. పికప్పుని మోసే చెయ్యి, టోన్ ఆర్మ్, దాని లోహం మీద వేలు పెడితే ఒకసారి తగ్గేది, ఒకసారి తగ్గేది కాదు. అది నన్ను చాలా అలసిపోయేలా చేసింది.

ఒక ఆదివారం అమ్మ ఇక ఆగలేదు. "రొద ఉంటే ఉండనీ, ఎయ్యి" అంది. పికప్పు తలలో మీట తిప్పి 78 ముల్లు కిందికి పెట్టాను, ప్లేటు వేశాను. 78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలే. రొద మీద పద్యం తేలుతూ మునుగుతూ నడిచింది. అమ్మ కళ్లు మూసుకుని వింటోంది. నేను రొద వింటున్నాను, ఆవిడ పద్యం వింటోందనుకున్నాను.

ప్లేటు అయిపోయాక అమ్మ కళ్లు తెరిచి, "సివరికొచ్చీసరికి అది తగ్గిపోతంది, సూసినావా?" అంది.

నేను చూడలేదు. మళ్లీ వేశాను. మొదటి నిమిషమంతా గుయ్యి. ముల్లు నడిమి కాగితానికి బొటనవేలంత దూరంలోకి వచ్చేసరికి ఒక చిటపట, ఆ తరవాత నిశ్శబ్దం, నిశ్శబ్దంలో పద్యం చివరి రాగం. మూడోసారీ అంతే. అదే చోట.

మోటారు పలక కింద, ఆర్మ్ తిరిగే ఇరుసులోంచి షీల్డు వైరు బయటికి వచ్చే చోట, పిన్నంత రంధ్రం ఉంది. టార్చి పెట్టి, అమ్మ కళ్లజోడు భూతద్దంలా పట్టుకుని చూశాను. జడ అంతా ఆ వంపు దగ్గర తెగి, ఆకుపచ్చ చిలుము పట్టి, ఒక్క రాగి పోగు మాత్రం ముల్లంగి వేరు కొసలా వంగి మిగిలింది. ఆర్మ్ బయట ఉన్నప్పుడు ఆ పోగుకీ అవతలి కొనకీ నడుమ గోరంత ఖాళీ. ఆర్మ్‌ని చేత్తో లోపలికి జరుపుతూ పోతే వైరు మెలి తిరిగి పోగు పక్కకి వాలి, అవతలి కొనని తాకింది. మీటరు ఓముల్లో పెట్టి చూశాను. ప్లేటు అంచు దగ్గర ఏమీ లేదు, నడిమికి వచ్చేసరికి సున్నా. ముల్లు కదలికని కరెంటుగా మార్చే ఆ కార్ట్‌రిడ్జి సిరామిక్ రకం, లోపలి నిరోధం చాలా ఎక్కువ, షీల్డు లేకపోతే ఇంట్లోని ప్రతి వైరూ దానిలోకి మాట్లాడుతుంది. తాత ఎన్ని వందల ఆదివారాలు ఆ ఆర్మ్‌ని ఎత్తి దించాడో, ఆ వంపు అన్నిసార్లు నలిగింది.

సన్నని, మెత్తని షీల్డు వైరు వేశాను. లావుది వేస్తే ఆర్మ్ బరువెక్కి ముల్లు గాడిలో ఇరుక్కుంటుంది. వంపు దగ్గర చిన్న ఉంగరంలా వదులు వదిలాను. జడని ఒక్క చోటే, వాల్యూమ్ కంట్రోల్ వెనక, టంకం పెట్టాను. మేస్త్రి గారికి ఫోను చేసి చెబితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అమ్మగారు ఎక్కడ నేర్సుకున్నారు?" అన్నారు.

సాయంత్రం కరెంటు సరిగా ఉంది. సెట్టుని గోడ పక్క పాత చోటులోనే పెట్టి, అరిగిన రాతి గుంటల్లో దాని కాళ్లు కూర్చోబెట్టాను. అమ్మ తనే ప్లేటు తీసి, చీర కొంగుతో కాదు, నేనిచ్చిన మెత్తటి గుడ్డతో తుడిచి వేసింది. ఆర్మ్ కూడా తనే దించింది, రెండు వేళ్లతో, తాత దించినట్టే. మొదటి గాడి నుంచీ సర్‌మని లక్క గీరిన చప్పుడు, ఆ తరవాత హార్మోనీ, ఆ తరవాత గొంతు. నడుమ ఊపిరి పీల్చడం కూడా వినబడింది. అమ్మ నా వైపు తిరగలేదు. ప్లేటు ఆగాక ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుని, "రెండో పక్క తిప్పు" అంది.